మూడు పేటల దారం

పిట్ట కాలికి దారం కట్టి వదిలిపెట్టిన మూడో రోజున హుసేనప్పకు భయం పట్టుకుంది.

అంతవరకు అతనికి సంబరంగానే ఉంది. తెల్లరాళ్ల గుట్ట మీది దర్గాలో ఇమాంసా తాత దగ్గర శిష్యుడిగా చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో తాత తనను నోరు తెరిచి ఒక్కసారైనా మెచ్చుకోలేదని అతనికి లోపల వెలితి. ఈసారి తాత కూడా ఔననక తప్పని పని చేశాననుకున్నాడు.

సంగతి ఇది. దర్గా వాకిట్లో ఒక కానుగ చెట్టు ఉంది. ఏటా దసరా వానలు వెనకపట్టాక ఒక చిన్న పిట్ట ఆ చెట్టుకు వచ్చి చేరుతుంది. ఎండలు ముదిరేదాకా ఉండి, ఎటో వెళ్లిపోతుంది. దర్గాలో వంట చేసే మస్తాన్‌బీ దాని గొంతు వినగానే "మన పిట్ట వచ్చింది" అని పొయ్యి దగ్గరి నుంచే కేక పెడుతుంది. ఆ 'మన' అన్న మాట హుసేనప్పకు మింగుడుపడేది కాదు. నిరుడు వచ్చినదీ ఇప్పుడు వచ్చినదీ ఒకటేనని ఏం గుర్తు అని అడిగేవాడు. నిన్న నా చేతి సంగటి తిన్న హుసేనప్పా, ఇవాళ తింటున్న హుసేనప్పా ఒకటేనని ఏం గుర్తో అదే గుర్తు అని ఆమె అనేది. ఇద్దరికీ రెండేళ్లుగా ఇదే తగువు.

తాతను అడిగితే "చూడు" అన్నాడు.

హుసేనప్ప చూశాడు. రెండు చలికాలాలు పనులు మానుకుని మరీ చూశాడు. పిచ్చుక కన్నా చిన్నది. వీపు వాడిన ఆకు రంగు, కడుపు మాసిన తెలుపు. మొదట దాన్ని ఆకులు కుట్టుకుని గూడు కట్టే పిట్ట అనుకుని పొరబడ్డాడు. ఆ పిట్ట తోక నిక్కబొడుచుకుని తిరుగుతుంది, దీని తోక అలా నిలవదు. దీనికి కంటి పైన తెల్లని గీత ఒకటి ముక్కు దగ్గర మొదలై మెడ దాకా పోతుంది. రెక్క మూసినప్పుడు దాని మీద ఇంకో సన్నని గీత, చూసే కన్ను ఉంటేనే కనబడుతుంది. గింజ ముట్టదు, నేల మీద మేయదు. ఆకు కింద తల వేలాడేసి పురుగులు ఏరుకుంటుంది. రోజంతా "చివీ, చివీ" అనడమే గానీ పాట లేదు. దాని జాతిదే ఇంకొకటి కానుగ మీద వాలితే మాత్రం తరిమి తరిమి కొడుతుంది. వెళ్లిపోయే ముందు నాలుగైదు రోజులు ఉన్నట్టుండి గొంతు విప్పి పాడుతుంది. పాట మొదలైందంటే ప్రయాణం దగ్గర పడ్డట్టు.

ఇన్ని తెలుసుకున్నాడు కానీ, ఆ పిట్ట అదేనా కాదా అన్నది మాత్రం తేలలేదు. తేలనిది ఏదైనా అతని మనసులో ముల్లులా ఉండిపోయేది. దర్గాకు వచ్చిన కొత్తలో మనసులోని అనుమానాలన్నీ తీరిపోవాలని మొక్కుకుని, కానుగ చెట్టు లేత రెమ్మకు తాను వడికిన దారం కట్టినవాడు మరి.

ఆ దర్గాలో దారం కట్టడం ఉంది. మొక్కుకున్నవాళ్లు కిటికీ జాలీకి గానీ కానుగ రెమ్మకు గానీ దారం కడతారు. మొక్కు తీరాక మళ్లీ వచ్చి విప్పుకుని పోతారు. కట్టిన చెయ్యే విప్పాలన్నది అక్కడి కట్టుబాటు. ఇంకొకరు ముట్టరు.

ఇదివరకు సంతలో కొన్న, ఒకే పోగున్న ఒంటి పేట దారం ఉండేది. ఒక వానకే తెగి రాలిపోయేది. తమ మొక్కు నేల పాలైందని జనం బాధపడేవాళ్లు. హుసేనప్ప దూదేకులవాళ్ల బిడ్డ. విల్లుతో దూది ఏకడం, కదురుతో వడకడం చేతిలో ఉన్న పని. అతను వచ్చాక మూడు పేటలు పురిపెట్టి, ఎర్ర రంగు అద్ది, దర్గాకు తానే దారం తయారుచేయడం మొదలుపెట్టాడు. వాళ్ల ఇంటి ముడి ఒకటుంది, లాగేకొద్దీ బిగుస్తుంది. దాన్ని వచ్చిన వాళ్లందరికీ నేర్పాడు. అప్పటినుంచి జాలీ మీద ఒక్క దారం ఊడలేదు. ఆ దారాన్ని మొదటిసారి చూసినప్పుడు తాత "గట్టిగా ఉందే" అన్నాడు. అది మెచ్చుకోవడమో కాదో హుసేనప్పకు ఇప్పటికీ తేలలేదు.

ఈ ఏడు పిట్ట పాట మొదలుపెట్టగానే అతను తొందరపడ్డాడు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే తొట్టి ఒకటుంది కదా, దాని చిల్లు కింద నీళ్లు నిలిచే చోటికి పిట్ట మిట్టమధ్యాహ్నం తాగడానికి వస్తుంది. అక్కడ గంపను పుల్ల మీద ఆనించి, పుల్లకు తాడు కట్టి, గోడ చాటున కూర్చున్నాడు. మూడో రోజుకు దొరికింది.

చేతిలో పెట్టుకుంటే ఏకిన దూదికి ఉన్నంత బరువు కూడా లేదు. దాని గుండె అతని బొటనవేలికి తగిలి కొట్టుకుంటోంది. కుడి కాలికి ఎర్ర దారం చుట్టి, సూది దూరేంత సందు వదిలి, ఇంటి ముడి వేశాడు. దర్గా దారమే కదా, దానికీ ఒక కాపుదల ఉంటుంది అనుకున్నాడు. వదిలితే కొమ్మ మీదికి పోయి ముక్కుతో ఆ దారాన్ని పొడుస్తూ కూర్చుంది. పొద్దుగూకేదాకా మేత ముట్టలేదు, పాట పాడలేదు. తెల్లారి చూస్తే చెట్టు మీద లేదు.

దసరాకు చూద్దాంలే చిన్నమ్మా, ఎవరి మాట నిజమో అని మస్తాన్‌బీతో పందెం కాసినట్టు మాట్లాడాడు.

పిట్టను వదిలిన మూడో రోజు వాకిలి ఊడుస్తూ తల ఎత్తితే, నాలుగేళ్ల కింద తాను కట్టిన దారం కంటపడింది. అప్పుడు ఆ రెమ్మ అగ్గిపుల్లంత ఉండేది. ఇప్పుడు వేలి లావైంది. దారం తెగలేదు, వదులూ కాలేదు. బెరడు లోపలికి దిగిపోయి, రెండు పక్కలా ఉబ్బు మధ్య ఎర్రగా కొంచెం కనబడుతోంది. ముడికి అవతలి ఆకులు పసుపు తిరిగాయి.

హుసేనప్ప గోరుతో గీకాడు. పుల్లతో పొడిచాడు. దారం రాలేదు. చీపురు అక్కడే పడేసి నిలబడిపోయాడు. తడిసిన నూలు ఎంత బిగుస్తుందో దూదేకులవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన పడితే ఆ దారం పిట్ట కాలి మీద ఏం చేస్తుందో అతనికి అప్పుడు తెలిసింది.

ఇమాంసా తాత అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తున్నాడు. హుసేనప్ప ఎదురుగా చతికిలబడి జరిగినదంతా చెప్పాడు. తిడతాడని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననే అనుకున్నాడు.

"ఎన్ని పేటలు?" అని అడిగాడు తాత.

"మూడు."

"ముడి?"

"మా ఇంటి ముడే తాతా. ఊడదు."

తాత చేతిలోని కాయను వొలిచి గింజలు చేటలో వేశాడు. ఎందుకు కట్టినావని అడిగాడు. అదో కాదో తెలుసుకోవాలని కట్టినానని హుసేనప్ప చెప్పాడు. ఆ మాట తన చెవికే అదోరకంగా వినబడింది.

ఆ దారమే కొంచెం తెమ్మన్నాడు తాత. తెస్తే, ఎడమ చేతి చిటికెన వేలికి కట్టుకోమన్నాడు. పిట్టకు ఎంత సందు వదిలినావో అంతే వదులు, అదే ముడి వెయ్యి అన్నాడు. హుసేనప్ప ఒక కొస పళ్లతో పట్టుకుని కుడి చేత్తో ముడి వేసుకున్నాడు.

"ఎప్పుడు విప్పాల తాతా?"

"దానికి విప్పిన రోజు."

ఇంతే చెప్పి తాత మళ్లీ చిక్కుడుకాయల మీద పడ్డాడు.

ఎండాకాలం నడిచినంతకాలం వేలికి పెద్ద బాధ లేదు. దురద పెట్టేది, అంతే. మంచుకొండల దాకా తిరిగి వచ్చిన ఫకీరు ఒకాయన ఆ వేసవిలో దర్గాలో రెండు రోజులు బస చేశాడు. కంటి మీద గీత, చివీ అనే గొంతు అని హుసేనప్ప గుర్తులు చెబితే, అలాంటి పిట్టలు ఎండాకాలంలో కాశ్మీరు కొండల్లో గూళ్లు పెట్టుకుంటాయని, అక్కడ పొద్దంతా పాడతాయని ఆయన అన్నాడు. ఇంత పిట్ట అంత దూరమా అని మస్తాన్‌బీ బుగ్గ నొక్కుకుంది. హుసేనప్ప మాత్రం దారిలో ఎన్ని నదులు, అక్కడ వానలు ఎప్పుడు మొదలవుతాయి అని అడిగాడు. ఫకీరు నవ్వి, వేలికి అదేం మొక్కు నాయనా అన్నాడు. హుసేనప్ప చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆషాఢంలో ముసురు పట్టాక అసలు కష్టం మొదలైంది. రోజుకు ఐదు సార్లు కాళ్లూ చేతులూ కడగాలి, గిన్నెలు తోమాలి, నీళ్లు తోడాలి. దారం ఆరే సందే లేదు. వేలు ఉబ్బింది. దారం కింద ఎర్రని గాడి పడింది. ముట్టుకుంటే ప్రాణం పోయినట్టుండేది. మస్తాన్‌బీ చాకు తెచ్చి చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. ఆమె నేరుగా తాత దగ్గరికి పోయి, ఈ మనిషికి వేలు పోతుంది, మీకు పట్టదా అని గట్టిగానే అడిగింది.

తాత ఆ రోజు నుంచి పొద్దున్నే హుసేనప్పను కూర్చోబెట్టుకుని, వేలికి ఆముదం రాసి, మెల్లగా మర్దన చేసేవాడు. దారాన్ని మాత్రం ముట్టేవాడు కాదు.

ఆముదం రాయించుకుంటూ హుసేనప్ప ఒకరోజు ఏడ్చాడు. నొప్పికి కాదు. నాకు నువ్వున్నావు తాతా, దానికి ఎవరు రాస్తారు అన్నాడు. తాత వేలు పట్టుకునే ఉన్నాడు.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. మస్తాన్‌బీ బావి గట్టున చచ్చిపడిన చిన్న పిట్టను చూసి, ఆకుపచ్చగా ఉందప్పా అని చెప్పింది. ఆ కాలంలో ఆ పిట్ట ఇక్కడ ఉండదని హుసేనప్పకు తెలుసు. తెలిసినా, ఒకవేళ దారంతో దూరం ఎగరలేక ఇక్కడే ఎక్కడో పడి ఉందేమో అన్న ఆలోచన తలలో దూరింది. పరుగెత్తాడు. తిప్పి చూశాడు. కంటి మీద గీత లేదు. రెక్క మీద గీత లేదు. చచ్చి బిగుసుకున్నా తోక నిక్కే ఉంది. ఆకులు కుట్టుకునే పిట్ట అది.

"అది కాదు చిన్నమ్మా" అని గట్టిగా ఊపిరి వదిలాడు.

మస్తాన్‌బీ అతని మొహంలోని సంతోషాన్ని, అతని చేతిలోని పిట్టను మార్చి మార్చి చూసింది. అప్పుడు అతనికి సిగ్గేసింది. గుంట తీసి దాన్ని పూడ్చిపెట్టేదాకా తల ఎత్తలేదు.

దర్గాకు వచ్చిన ప్రతివాడి దువాలో, దేవుడికి చేసే వేడుకోలులో, ఏదో ఒకటి ఉంటుంది. హుసేనప్ప దువాలో ఆ ఏడు పిట్టే ఉంది. మొదట్లో, దసరా దాకా ఆ దారం ఊడకుండా చూడు దేవుడా అనుకునేవాడు. ఊడితే గుర్తు పోతుందని. శ్రావణంలో ఒక మధ్యాహ్నం నమాజు ముగించి చేతులు పైకెత్తినప్పుడు తన నోటి నుంచి ఏం వస్తోందో తానే విని ఆగిపోయాడు. ఆ దారం ఎక్కడో ఒకచోట తెగిపోనీ అంటున్నాడు. తెగిపోతే పిట్ట వచ్చినా అదేనని తెలియదు. తన పందెం, రెండేళ్ల చూపు, కట్టిన ముడి అంతా గంగలో కలిసినట్టే. ఇది ఆలోచించుకోవడానికి కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత అదే దువా మళ్లీ మొదటినుంచి చేశాడు.

కానుగ చెట్టు మీద అతని రెమ్మ, ముడికి అవతలి భాగం, అప్పటికే ఎండిపోయింది.

దసరా వచ్చింది, పోయింది. వానలు వెనకపట్టాయి. పిట్ట రావలసిన రోజులు వచ్చాయి. హుసేనప్పకు కుదురు లేదు. బావి గిలక కిర్రుమంటే లేచి పరుగెత్తేవాడు. ఉడుత అరిచినా పరుగే. ఇట్లయితే గిలకకు కూడా గూడు కట్టిపెట్టాల్సొస్తుంది అని మస్తాన్‌బీ ఎగతాళి చేసింది కానీ, ఆమె కూడా పొయ్యి ముందు కూర్చుని చెవి కానుగ వైపే పెట్టింది. నిరుడు ఈపాటికి వచ్చేసింది. ముందటేడు ఇంకా ముందే వచ్చింది. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చిటికెన వేలి దగ్గరికి రాగానే అతను ఆగిపోయేవాడు. తొమ్మిది రోజులు ఆలస్యమైంది.

నేనే చంపినాను అని ఆ రోజు తాతతో అన్నాడు. తాత ఆముదం గిన్నె ముందుకు జరుపుకున్నాడు.

పదో రోజు పొద్దున, అతను జాలీ కింద ఊడుస్తుండగా, కానుగ మీద ఎక్కడో "చివీ" అని వినబడింది.

గిలక కాదు. ఉడుత కాదు.

చీపురు పట్టుకునే చెట్టు కిందికి వెళ్లాడు. ఒక ఆకు కదిలింది. దాని పక్క ఆకు కదిలింది. వాడిన ఆకు రంగు వీపు కనబడి మాయమైంది. కంటి మీద గీత ఉంది. రెక్క మీద గీత కూడా ఉంది. కాళ్లు మాత్రం కనబడలేదు. ఆ పిట్టకు నిలకడ ఎక్కడిది. ఆకుల్లో ఇటు దూరి అటు తేలుతోంది, తల కిందులుగా వేలాడుతోంది. మెడ పట్టేదాకా చూశాడు. కాళ్లు కనబడలేదు.

ఇక నీళ్ల దగ్గరికి రావాల్సిందే. తొట్టికి దూరంగా గోడ వారన కూర్చున్నాడు. గంప పెట్టినప్పుడు కూర్చున్న చోటే అది. పొద్దున తిండి తినలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పిట్ట కింది కొమ్మ మీదికి దిగి, చుట్టూ చూసి, తిరిగి పైకి పోయింది. మళ్లీ దిగింది. చివరికి తొట్టి కింద రాతి మీద వాలింది.

ఎడమ కాలు ఇటు ఉంది. సన్నగా, నల్లగా, బోసిగా ఉంది. కట్టింది కుడి కాలికి. ముక్కు ముంచి తాగింది, తల ఎత్తింది, మళ్లీ తాగింది. పిట్ట గిరుక్కున తిరిగింది.

కుడి కాలికీ ఏమీ లేదు.

అతనికి మొదట ఒళ్లంతా తేలికైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే రెండో ఆలోచన వచ్చింది. దారం తెంపుకుని వచ్చిన పిట్ట ఇదేనా, లేక అది దారిలో ఎక్కడో పడిపోతే దాని చోటికి వచ్చిన ఇంకొకటా. చూడగలిగినంతసేపు చూశాడు. పిట్ట నీళ్లు విదిలించుకుని, నిరుడు కూర్చున్న కొమ్మ మీదికే పోయి కూర్చుంది.

హుసేనప్ప వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"చిన్నమ్మా, మన పిట్ట వచ్చింది."

మస్తాన్‌బీ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. అతని మొహం చూసి, రెండేళ్ల బాకీ తీర్చుకునే అవకాశం వదులుకోలేక, "ఏం గుర్తప్పా?" అంది.

అతను కానుగ వైపు చెయ్యి చూపాడు. ఆమె పిండి చేతిని కొంగుకు తుడుచుకుని, నుదుటికి అడ్డం పెట్టుకుని కానుగ వైపు చూస్తూ నిలబడింది.

అరుగు మీద తాత ఇదంతా వింటున్నాడు. హుసేనప్ప దగ్గరికి రాగానే, "దాని కాలికి దారం ఉందా?" అని అడిగాడు.

"లేదు తాతా."

"మరి నీ వేలికెందుకు?"

అదో కాదో తెలియదని హుసేనప్ప చెప్పాడు. అది బతికుందో లేదో కూడా తెలియదన్నాడు. దానికి విప్పిన రోజే విప్పమన్నావు, నేను విప్పలేదు కదా అన్నాడు.

"నేను అడిగింది కాలి సంగతి" అన్నాడు తాత.

మస్తాన్‌బీ చాకు తెచ్చి అరుగు మీద పెట్టింది. హుసేనప్ప దాన్ని తీసుకోలేదు. మెట్టు మీద కూర్చుని, వేలు నోట్లో పెట్టుకుని పళ్లతో ముడిని పట్టుకున్నాడు. వాళ్ల ఇంటి ముడి. లాగితే బిగిసింది. కొరికితే జారింది. దవడ నొప్పి పుట్టింది, నాలుకకు ఆముదమూ రక్తమూ కలిసిన రుచి తగిలింది. ఇంత నోరు, ఇన్ని పళ్లు ఉండి తనకే ఇలా ఉంటే, ఆ ముక్కుకు ఎన్ని రోజులు పట్టి ఉంటుందని అతనికి తోచింది. పేటలు ఒక్కొక్కటే తెగాయి. మూడోది తెగేసరికి నీడ మెట్టు దిగి వాకిట్లోకి వెళ్లింది. వేలి చుట్టూ తెల్లని గాడి మిగిలింది.

కాసేపటికి అతను లోపలికి వెళ్లి, దర్గాలో ఏటా జరిగే ఉరుసు కోసం పురిపెట్టి ఉంచిన దారం కట్టలన్నీ ఎత్తుకొచ్చాడు. అరుగు మీద ఒక మూల కూర్చుని, మూడు పేటలను మళ్లీ ఒంటి పేటలుగా విడదీయడం మొదలుపెట్టాడు. కానుగ మీద పిట్ట తన జాతిదాన్ని ఇంకొకదాన్ని తరుముతోంది. అతను తల ఎత్తి చూశాడు, మళ్లీ పనిలో పడ్డాడు.

తాత తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, అటుగా వస్తూ ఆగాడు. విడదీసిన కుప్పలోంచి ఒక ఒంటి పేట తీసి, తడి వేళ్ల మధ్య పట్టుకుని లాగాడు. అది తెగిపోయింది.

"ఇది చాలు" అన్నాడు.